ఎక్కడికని అడిగిన పొరుగాయన

మా గురువుగారు సన్యాసయ్యగారిని ఏది అడిగినా ముందు చిక్కుడుకాయల బుట్ట మన ముందుకు తోస్తారు. ఈనెలు తీస్తూ కూర్చోవాలి. కాయలు అయ్యేసరికి సగంమంది తమ ప్రశ్న మరిచిపోతారు. మరిచిపోనివాళ్లకి ఆయన ఏదో ఒక సంగతి చెబుతారు. సూటిగా జవాబు చెప్పగా విన్న పాపాన మేమెవరమూ పోలేదు.

ఆ వేళ ప్రశ్న విజయగౌరిది. భర్త ఉద్యోగం గుజరాత్‌కి మారితే వెంట వెళ్లిన పిల్ల. పుట్టింటికొచ్చి, తిరుగు ప్రయాణం నాడు పెట్టెతో సహా గురువుగారి దగ్గరికి వచ్చింది.

"రోజూ గుమ్మంలో ముగ్గేస్తాను గురువుగారూ. ఇవాళ మీకేం పండగని ఇరుగుపొరుగు వచ్చి అడుగుతారు. పండగేం లేదంటే, ఏదో దాస్తున్నానని నొచ్చుకుంటారు. మానేద్దామంటే చెయ్యి ఊరుకోదు. మనది ఉంచుకోవాలా, వాళ్లది పట్టుకోవాలా? అసలు ఇవాళ రైలెక్కాలో వద్దో కూడా తేలడం లేదు."

గురువుగారు బుట్ట తోశారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

దాలినాయుడిది నెల్లిమర్ల పక్క. మగ్గాల మరమ్మతు చేస్తాడు. బెంగాల్లో ఒక జూట్ మిల్లులో పని దొరికితే భార్య నూకాలుని వెంటబెట్టుకుని వెళ్లాడు. మొదటిరోజు క్యారేజీ పట్టుకుని గుమ్మం దిగాడో లేదో, ఎదురింటి అరుగు మీద పేపరు చదువుతున్న హరిపదబాబు అనే పెద్దాయన నవ్వుతూ, "ఎక్కడికి బయల్దేరారు?" అని వాళ్ల భాషలో పలకరించాడు. అక్కడ అది నమస్కారంతో సమానం. మన దగ్గర బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే ఇంక ఆ పని అయినట్టే. దాలినాయుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అడిగేసినాడా?" అంది నూకాలు. అప్పటికే చెంబు ఆమె చేతిలో ఉంది. "కూకో. నీల్లు తాగి, ఆగి ఎల్లు."

కూర్చున్నాడు, తాగాడు, లేచాడు. మనిషి మళ్లీ కనబడ్డాడు కదా అని హరిపదబాబు మళ్లీ పలకరించాడు. ఇదే రోజూ తంతు. రెండో సైరను మోగితే మిల్లు గేటు మూసేస్తారు. ఆలస్యం మీద ఆలస్యమయ్యాక మేనేజరు, "ఇంకొక్కసారి గేటు బయట మిగిలావంటే మీ ఊరెళ్లిపో" అనేశాడు.

పెరటి సందులోంచి జారుకుందామని చూశాడు దాలినాయుడు. కానీ హరిపదబాబుకీ ఒక పట్టింపు ఉంది. వెళ్లేవాణ్ణి వెనకనుంచి పిలిస్తే కీడని. అందుకని ఆ ముసలాయన పంచె ఎగ్గట్టి, వీధి చుట్టూ పరుగెత్తి, ఎదురుగా వచ్చి నిలబడి, రొప్పుతూ మరీ అడిగాడు. ఆయన బాధ ఆయనది. పాపం ఈ కుర్రాడు గుమ్మం దాటగానే ఎక్కడికి వెళ్లాలో మరిచిపోయి ఇంట్లోకి పరుగెడుతున్నాడు, మనమే గుర్తు చెయ్యాలి అనుకున్నాడు.

మేమంతా నవ్వాం. విజయగౌరి మాత్రం నవ్వలేదు.

చివరికి మిల్లులో పనిచేసే మరో తెలుగువాడు హరిపదబాబుకి అసలు సంగతి విడమరిచి చెప్పాడు. ఆయన సిగ్గుతో చితికిపోయాడు. మర్నాడు దాలినాయుడు గుమ్మం దిగేసరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

దాలినాయుడు హాయిగా నడిచాడు, సందు మలుపు దాకా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. ఇంత ఊళ్లో తను బయల్దేరినట్టు ఒక్క మనిషికీ తెలియదు కదా అనిపించి దిగులేసింది. ఇవాళ శకునం మంచిదయిందో చెడ్డదయిందో అతనికే పాలుపోలేదు. మొదటి సైరను మోగింది. మిల్లు వైపు వెళ్లాల్సినవాడు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"బాబూ, అడగండి," అన్నాడు వచ్చీరాని బెంగాలీలో.

పేపరు కదల్లేదు. "వద్దు నాయనా. నీకు కీడు."

"అడగండి బాబూ, గేటు మూసేస్తారు!"

హరిపదబాబు పేపరు దించి, భయపడుతూనే, "ఎక్కడికి?" అన్నాడు.

"మిల్లుకి!" అని అరిచి దౌడు తీశాడు దాలినాయుడు. ఇన్నాళ్లలో అతను ఆ మాటకి జవాబు చెప్పడం అదే మొదలు. గేటు మూస్తుండగా లోపల పడ్డాడు. నూకాలు చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. తాగాల్సినవాడు వెళ్లిపోయాడు, ఆ నీళ్లు ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి వీధి దాటి వెళ్లి హరిపదబాబుకిచ్చింది. ఆయన చెమట తుడుచుకుని గటగటా తాగేశాడు.

బుట్టలో కాయలు అయిపోయాయి.

"అయితే దాలినాయుడు తన నమ్మకం వదిలేసినట్టా, ఉంచుకున్నట్టా?" అంది విజయగౌరి.

గురువుగారు ఈనెలు పోగు చేసుకుంటున్నారు. ఆ ముక్క నాకూ తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఆమె దణ్ణం పెట్టి, పెట్టె అందుకుంది. ఆ ఇంటి ముందు కుడికి తిరిగితే స్టేషను, ఎడమకి తిరిగితే ఆమె పుట్టిల్లు. ఆమె గడప దాకా వెళ్లింది. అప్పుడు గురువుగారు గట్టిగా, "ఎక్కడికమ్మా?" అన్నారు.

మా పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టె పట్టుకున్న ఆడపిల్లని అలా అడుగుతారా ఎవరైనా? వంటింట్లోంచి ఆయన భార్య కనకవల్లిగారు చెంబుతో పరుగెత్తుకొచ్చారు.

విజయగౌరి గడప మీద ఆగింది. వెనక్కి వస్తుందనే అనుకున్నాను.

"ఇంటికి," అంది. అన్నాక తనే తెల్లబోయింది. అలా తెల్లబోయిన మొహంతోనే మెట్లు దిగి కుడికి తిరిగింది.

గురువుగారు చెంబు అందుకుని నీళ్లు తను తాగారు. తర్వాత గుమ్మంలోకి వచ్చి కేకేశారు.

"దారిలో కాస్త మిఠాయి కొనుక్కెళ్లమ్మా. ముగ్గెయ్యగానే అడుగుతారుగా!"