బెల్టు వాత

ఆ గురువారం నాగూర్‌వలి జనంలో కూర్చోలేదు. దర్గా గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక లేచి లాల్‌సాహెబ్ తాత ముందుకొచ్చాడు.

"తాతా, మీ మాట నేనెన్నడూ దాటలేదు. మరి నా ఇల్లు ఎందుకిట్లా అయింది?"

కనిగిరి దాటాక కొండవార ఉన్న ఆ చిన్న దర్గాలో తాత అందరికీ చెప్పే మాట ఒకటే. ఓర్చుకో. పొలం తగాదాతో వచ్చినా, బిడ్డ పోయి వచ్చినా అదే మాట. దాన్ని నాగూర్‌వలి పట్టుకున్నంత గట్టిగా ఇంకో శిష్యుడు పట్టుకోలేదు. ఒకసారి అల్లా నామం జపిస్తుండగా తేలు కుడితే, జపం పూర్తయ్యేదాకా కాలు కదపలేదు. ఆ సంగతి చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకి తనే చెప్పేవాడు.

"ఏమైందిరా?" అన్నాడు తాత.

నాగూర్‌వలి చెప్పాడు. భార్య దస్తగిరమ్మకి ఏడో నెల. పొదిలిలో పెళ్ళి చూసుకుని పొద్దున్నే అద్దె కారులో వస్తున్నారు. వెనక కూర్చుంటే వాంతులవుతున్నాయని ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బెల్టు తనే లాగి పొట్ట మీదుగా బిగించాడు. "ఒత్తుతోందయ్యా" అందామె. "బిడ్డకి కాపలాగా ఉంటుందిలే" అన్నాడు.

గేదె అడ్డమొచ్చింది. కారు కల్వర్టు గోడని గుద్దుకుంది. ఎవరికీ రక్తం చుక్క రాలేదు. దస్తగిరమ్మ పొట్టకి అడ్డంగా ఎర్రటి వాత తేలింది, అంతే. నుజ్జయిన కారుని చూడటానికి వచ్చిన జనం బెల్టుని మెచ్చుకున్నారు. ఆమె ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

ప్రాణాలు దక్కినందుకు నాగూర్‌వలి మధ్యాహ్నమే ఫాతెహా చదివించి ఊరంతా చక్కెర పంచాడు.

"పొట్టలో నొప్పిగా ఉందయ్యా" అంది ఆమె.

ఆమె నోట్లో చిటికెడు చక్కెర వేశాడు. "పెద్ద గండం తప్పింది. ఈ మాత్రం నొప్పి ఓర్చుకో."

పొద్దుగూకేటప్పుడు మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే అన్నాడు. తెల్లారేసరికి పక్కంతా రక్తం.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కోపం ఆపుకోలేకపోయింది. "బెల్టు పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదుగా పోవాలి. సరే, అది మీకు తెలియదు. కడుపుతో ఉన్న మనిషికి అంత దెబ్బ తగిలితే, పైకేమీ కనపడకపోయినా వెంటనే తీసుకురావద్దా? నొప్పని చెబుతుంటే ఏం చేస్తున్నారు?"

లోపల గర్భసంచి చిరిగింది. బిడ్డ దక్కలేదు. రక్తం ఆగకపోతే గర్భసంచి కూడా తీసేశారు.

"అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకుంది తాతా. నాతో మాట్లాడదు. నేను చేసిన తప్పేంటి? మీరు నేర్పిన ఓర్పే కదా చెప్పాను?"

తాత ముఖం వాడిపోయింది.

"తేలు నిన్ను కుట్టింది. ఇది ఎవర్ని కుట్టిందిరా?"

తాత లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పద."

ఆడవాళ్ళ వార్డులో దస్తగిరమ్మ మంచానికీ గోడకీ మధ్య మనిషి పట్టీపట్టనంత సందు ఉంది. తాత అందులోకి దూరి, ఆమె కళ్ళు పడే చోట నేల మీద కూర్చున్నాడు. నాగూర్‌వలి ఆమె కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, తాత ఏదో ఓదార్పు మాట చెబుతాడని.

"ఎక్కడ నొప్పి పుట్టిందమ్మా?" అన్నాడు తాత.

ఆమె ఆయన్ని అలాగే చూసింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు.

"బొడ్డు కింద తాతా" అంది. గొంతు ఎండిపోయి ఉంది. "బెల్టు నొక్కిన చోట. తర్వాత పొట్టంతా రాయిలాగా అయింది. మజ్జానం దాకా బిడ్డ కదిలింది. తర్వాత కదల్లేదు."

తాత ముందుకు వంగాడు.

"కదలట్లేదని చెబుదామనుకున్నా. నొప్పి అంటేనే ఓర్చుకోమన్నాడు. ఇది చెబితే ఇంకేమంటాడో అని ఊరుకున్నా." చీర కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ తీసింది. "ఓర్చుకున్నా తాతా. అరవలేదు. బాగా ఓర్చుకున్నా."

ఇంత దుఃఖం చెబుతూ కూడా ఆమె, పాఠం అప్పజెప్పినట్టు, తప్పేమైనా ఉందా అని ఆయన ముఖంలోకి చూసింది. తాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తెల్లటి గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నన్ను మన్నించమ్మా" అన్నాడు.

ఆమె మన్నిస్తాననలేదు. కళ్ళు మూసుకుంది.

నాగూర్‌వలి మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. ఆ మధ్యాహ్నం తాను చక్కెర పంచుతున్నప్పుడు, లోపల గదిలో ఏం జరుగుతోందో అతనికి ఇప్పుడు తెలిసింది.

"తాతా, ఇది నేనెట్లా ఓర్చుకునేది?"

తాత అతనివైపు తిరిగాడు.

"ఓర్చుకోకు" అన్నాడు.