బురదలో సీసం

పందేల్లో ఎప్పుడూ చుక్క అనే ఆడగుర్రమే గెలుస్తోందని, మిగతా గుర్రాలకూ వంతు రావాలని, దానికి సేనాపతి నరసనాయకుడు రెండు మణుగుల సీసం కట్టించాడు. పందెం నాడు పొద్దున్నే వాన కురిసి బాటంతా బురదైంది.

"బరువు తగ్గించండి దొరా, కాళ్లు దిగబడతాయి," అని దాన్ని సాకే పుల్లన్న బతిమాలాడు.

"ఎండైనా వానైనా రెండు మణుగులు రెండు మణుగులే," అన్నాడు సేనాపతి.

సగం దూరంలోనే చుక్క కూలి కాలూ పక్కటెముకలూ విరగ్గొట్టుకుంది.

"వీడు మేత సరిగా పెట్టలేదు ప్రభూ, కొరడాతో కొట్టించండి," అన్నాడు సేనాపతి, పందెం చూడవచ్చిన రాజుతో, పుల్లన్నను చూపిస్తూ.

"అలాగే కొట్టించండి ప్రభూ. ముందు సేనాపతిగారిని ఆ సీసం ఎత్తుకుని ఈ బురదలో నడిచి రమ్మనండి. వానకు బరువు మారదన్నారుగా," అన్నాడు పుల్లన్న.

రాజు సరేనన్నాడు. సీసం ఎత్తుకున్న సేనాపతి పదడుగులకే మోకాలిలోతు దిగబడి బోర్లాపడ్డాడు. జనం గొల్లున నవ్వారు. రాజు పుల్లన్నను వదిలేయమన్నాడు.

పుల్లన్న నవ్వలేదు. చుక్క తల ఒళ్లో పెట్టుకుని, దాని ఊపిరి ఆగేదాకా బురదలోనే కూర్చున్నాడు.