బయ్యపనాయకుడి ఎడమ మీసం

మేడికోట ముమ్మడిరాజుకు ఆ ఉదయం సభలో ఒక సరదా పుట్టింది.

"తమాషాకూ దౌర్జన్యానికీ తేడా ఏమిటో సాక్షి లేకుండా చూపగలవారికి నా చేతి కంకణం ఇస్తాను" అన్నాడు.

ఆ సరదాకు కారణం ఎదుటే ఉంది. గుర్రాలకు నీళ్లు మోసే మైలన్న తలపై గుడ్డ కప్పుకుని నిలబడి ఉన్నాడు. ముప్పైయేళ్లవాడైనా ఏ మాటైనా అతనికి నెమ్మదిగా గానీ అందదు. బుద్ధి తక్కువవాడు కదా, అడిగేదెవరని అశ్వాధ్యక్షుడు బయ్యపనాయకుడు అతన్ని స్తంభానికి కట్టించి, కొట్టించి, సగం తల గొరిగించాడు. నాటినుంచి ఇల్లు కదలని మైలన్న ఇవాళ ఫిర్యాదుతో సభకు వచ్చాడు. నేటి తీర్పు నాయకుడి వైపు మొగ్గితే ఉన్న కొలువు కూడా పోతుంది.

"అది వేడుక, ప్రభూ. వాడూ నవ్వాడు" అన్నాడు బయ్యపనాయకుడు, మీసం మెలేస్తూ.

"నవ్వకపోతే మళ్లీ కొడతామన్నారు, దొరా" అన్నాడు మైలన్న.

"నిన్న తిన్నది నేడు గుర్తుండదు వీడికి. వీడి మాట సాక్ష్యమా?"

శాస్త్రమూ అదే చెబుతుందని పండితులు గొణిగారు. ఏ శాస్త్రమో ఎవరూ చెప్పలేదు. రాజు తలూపాడు.

అప్పుడు ఆస్థాన క్షురకుడు కొమరయ్య ముందుకొచ్చాడు.

"తేడా నేను చూపుతాను, ప్రభూ. ముందు నాయకులవారి మీసం కాస్త దిద్దనివ్వండి. ఎడమవైపు వాలింది."

మీసమంటే ప్రాణమైన నాయకుడు వెంటనే కూర్చున్నాడు. కొమరయ్య మీసం తడిపాడు, కత్తి గీశాడు, ఎడమవైపు తడిగుడ్డ అదిమిపట్టాడు. నాయకుడి ఒడిలో వెంట్రుకలు రాలాయి.

"ఒకవైపు పోయింది, దొరా. తమాషాకే. నవ్వండి."

నాయకుడు మండిపడ్డాడు. "నిండు సభలో నా పరువు తీస్తావా? ప్రభూ, ఇది దౌర్జన్యం. వీణ్ని ఏడాది చెరలో వేయించండి."

"ఏడాది చాలునా, దొరా?"

"చాలదు. అందరి ముందూ నా కాళ్లు పట్టుకోవాలి."

కొమరయ్య గుడ్డ తీసి అద్దం చూపాడు. మీసం చెక్కుచెదరలేదు.

"గీసింది కత్తి వీపుతో, ప్రభూ. రాలినవి నా పొదిలోని పాత వెంట్రుకలు. ఒక్క వెంట్రుక తెగకుండానే నాయకులవారు ఏడాది చెర అన్నారు. నిజంగా గొరిగిన తలకు ఎంత శిక్షో వారినే అడగండి."

సభ గొల్లుమంది. రాజు నవ్వుతూనే కంకణం తీసి కొమరయ్య చేతిలో పెట్టాడు.

"అడగడమెందుకు? ఆయన చెప్పిన శిక్షే ఆయనకు. ముందు మైలన్న కాళ్లు పట్టుకోమనండి."

తర్వాత లేఖకుణ్ని దగ్గరకు పిలిచి, మైలన్న వైపు తిరిగాడు.

"ఇప్పుడు జరిగిందంతా చెప్పు, మైలన్నా. మెల్లగానే చెప్పు. నీ మాట సాక్ష్యంగా రాసుకుంటారు."