పురుగులు తలెత్తి కూర్చున్న రోజు

డాక్టర్ నంజుండప్పగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. మడకశిర దగ్గర ఒక పల్లెలో ఆయనది చిన్న వైద్యశాల, దాని వెనక పట్టుపురుగుల షెడ్డు. ఎవరు ఏం తినాలో, ఎప్పుడు తినాలో చెప్పడం ఆయన వైద్యంలో సగం. ఆ విద్య నేర్చుకోవడానికే పారిజాత ఆయన దగ్గర చేరింది. “మా ఆయన పురుగులకి కూడా పథ్యం రాస్తాడు, జాగ్రత్తమ్మా!” అని ఆయన భార్య గంగరత్నమ్మ మొదటిరోజే ఆమెను నవ్వించింది.

పారిజాత కూతురు హంసిని తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సొంత బిడ్డను అంత దూరాన వదిలి ఊళ్ళోవాళ్ళ పిల్లల తిండి గురించి నేర్చుకుంటున్నానన్న బాధ పారిజాతను ముల్లులా గుచ్చుతూనే ఉండేది. అందుకని బిడ్డను ఫోనులోనే పెంచేది. రాగి లడ్డూలు, నువ్వుండలు, బాదంపొడి పార్సిలు కట్టి పంపేది. చీకటుండగానే ఫోను చేసి లేపేది. రాత్రి చదువుతూ మేలుకున్నంతసేపూ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉండమనేది. అయినా ఆ పిల్ల, “ఒంట్లో సత్తువ లేదమ్మా, మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి” అంటూనే ఉంది. రక్తపరీక్షలు చేయిస్తే లోపమేమీ కనబడలేదు. ఇలాగే ఉంటే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపొమ్మని హాస్టలువాళ్ళు చెప్పేశారు.

ఆ మాట విన్న మర్నాడు పొద్దున్నే పారిజాత గురువుగారి ముందు నిలబడింది.

“సార్, తిన్నదాన్ని శక్తిగా మార్చేవి ప్రతి కణంలోనూ ఉండే మైటోకాండ్రియా అని మీరే చెప్పారు. అన్నీ పెడుతూనే ఉన్నాను. మా అమ్మాయికి ఇంకా ఏం పెడితే అవి బలపడతాయి?”

ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. “మేం పెళ్ళికి పోతున్నాం, సాయంత్రానికి వచ్చేస్తాం. అందాకా పురుగుల్ని చూసుకో. రాత్రి జ్వరానికి కూర్చున్నాయి, ఆకు వేయొద్దు. ఊరికే చూస్తూ ఉండు.”

“చూడటం కూడా ఒక పనేనా సార్?”

“అందరివల్లా కాదు” అన్నారాయన.

“గంపలో మల్బరీ ఆకుంది, తడిగుడ్డ కప్పాను” అంది గంగరత్నమ్మ. “అది సాయంత్రానికి. ఆకలేస్తే నువ్వు తినేసేవు!”

పట్టుపురుగు పెరిగేకొద్దీ చర్మం బిగుతైపోతుంది. అప్పుడది తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. లోపల కొత్త చర్మం తయారయ్యాక పాతదాన్ని విడుస్తుంది. ఆ పక్క ఊళ్ళలో దాన్నే జ్వరం అంటారు. పారిజాతకు ఇదంతా తెలుసు. కానీ తెలిసి ఉండడం వేరు, తట్టల పక్కన కూర్చుని చూడడం వేరు. అన్ని తలలూ ఒక్కసారే పైకి లేచి ఉన్నాయి, వడ్డన కోసం పంక్తిలో కూర్చున్న పిల్లల్లా. షెడ్డులో చిన్న చప్పుడైనా లేదు.

మధ్యాహ్నానికి ఒక తట్టలో కొన్ని పురుగులు పొర విడిచి లేచాయి. పాలిపోయిన ముఖాలతో అటూ ఇటూ పాకుతూ వెతకసాగాయి. పారిజాత ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత, ఈ నాలుగు పురుగులకే కదా అనుకుంటూ లేత ఆకు సన్నగా తరిగి ఆ తట్టలో చల్లింది. అవి ఆత్రంగా తింటుంటే ఆమె కడుపు నిండింది. మరి పక్కవాటి సంగతేమిటి? అవి లేచేసరికి నోటికి అందుబాటులో ఉంటుందని ఇంకో గుప్పెడు వేసింది. ఆ తర్వాత ఇంకో గుప్పెడు.

పొద్దు వాలేవేళకి గురువుగారు తిరిగి వచ్చారు. మిగిలిన తట్టల్లో పురుగులన్నీ దాదాపు ఒక్కసారే లేచి ఉన్నాయి. ఆయన ఆకు వేయగానే షెడ్డంతా చిరుజల్లు పడుతున్నట్టు మోగింది. ఆయన ఆ ఒక్క తట్ట దగ్గరికి వచ్చి ఆకును మెల్లగా పైకి తీశారు. ఆకు కింద చెమ్మ. ముందే తిన్నవి కొన్ని మిగతావాటికంటే లావుగా ఉన్నాయి. ఇంకా లేవనివి ఆకు బరువు కింద అణిగి ఉన్నాయి. వాటిలో కొన్ని సగం పొరలోనే చచ్చిపోయాయి.

ఆయన కసురుకోలేదు. చచ్చినవాటిని ఏరేసి, తట్టలో పురుగుల పడక ఆరేందుకు సున్నంపొడి పలచగా చల్లుతూ నిలబడ్డారు.

“ఆకలితో తలెత్తాయనుకున్నాను సార్” అంది చివరికి.

“నేనూ మొదట్లో అట్లే అనుకున్నాను.”

చీకటిపడ్డాక ఆమే మళ్ళీ అంది: “కణాల్లో పాతబడినవాటిని తీసేసి కొత్తవి కట్టుకునే పని కూడా ఉంటుందనీ, దానికి వేళకి నిద్ర కావాలనీ, తిండికీ తిండికీ మధ్య కాస్త ఎడం కావాలనీ మీరు చెప్పారు. ఎంతమంది రోగులకి నా నోటితో చెప్పానో. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి...”

అంతలో ఫోను మోగింది. హంసిని.

“భోంచేశానమ్మా. నువ్వుండలు అయిపోయాయి. రాత్రి చదివేటప్పుడు ఏం తిననూ?”

పారిజాత తట్టవైపు చూసింది. “నిద్ర వస్తోందా తల్లీ?”

“వస్తోంది. కెమిస్ట్రీ ఉంది కదా.”

“పగలు చదువుదువులే, పడుకో. చీకట్లో నేను లేపను. తెల్లారాక లేచి కాసేపు ఎండలో నడువు. తర్వాత ఆకలేస్తుంది, అప్పుడు కడుపునిండా టిఫిను తిను.”

“అమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?”

“బాగుంది. పడుకో.”

ఫోను పెట్టేసింది. పెట్టేసిన మరుక్షణమే ఆమె వేలు మళ్ళీ దాని మీదికి పోయింది. “కిటికీ వేసుకోమని చెప్పడం మరిచాను సార్, చలిగాలి కొడుతుంది. ఒక్క మాట...”

నంజుండప్పగారు తట్ట మీదినుంచి తల తిప్పలేదు.

“అదీ ఆకేనమ్మా” అన్నారు.