రేకుగోడ మీద మూడు చప్పుళ్లు

పిల్లలూ, ఈ కథలో ఒక అబద్ధం ఉంది. ఆడింది నేనే. ఈ మాట ఇంతవరకు నా నోరు దాటి బయటికి రాలేదు.

అనగా అనగా ఒక మెరక. మెరక మీద నలభై రేకుల ఇళ్లు. ఇళ్లు కట్టుకున్నవాళ్లవి, కింది నేల మాత్రం గవర్రాజు గారిది. నేలకు అద్దె కట్టుకుని బతికేవాళ్లం. మెరక మొత్తానికి కరెంటు మీటరు ఒక్కటే, అదీ ఆయన పేరునే. ఆయన గదిలోంచే ఇంటింటికీ తీగ. ఎవరైనా ఎదురాడితే ఆ ఇంటి ఫ్యూజు పీకి తన వరండాలో మేకుకు తగిలించేవాడు. వచ్చేపోయేవాళ్లందరికీ కనబడాలని.

మా పక్కింటి సన్యాసమ్మ వదినకు తండ్రి ఒక్కడే దిక్కు, ఎర్రినాయుడు తాత. మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి. కరెంటుతో నడిచే గాలి మిషను ఆడితేనే ఆయనకు ఊపిరి ఆడేది.

వదిన మొదటిసారి వెళ్లి అడిగింది. "బాబుగారూ, మా ఇంటికి వేరే మీటరు పెట్టించుకుంటాం. అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెట్టండి."

"పండగ వెళ్లనీ," అన్నాడు.

పండగ వెళ్లాక రెండోసారి అడిగింది. "నా నేల మీద కూర్చుని నాకే మీటరు చూపిస్తావా?" అన్నాడు. ఆమె ఇల్లు చేరేలోపే ఆమె ఫ్యూజు మేకుకెక్కింది.

అప్పుడు మా ఇంట్లోంచి వాళ్లింటికి తీగ లాగాం, రేకుల మీదుగా. అతుకు దగ్గర సైకిలు ట్యూబు ముక్క చుట్టి ముడేసింది వదినే. తాత మిషను ముక్కుకు పెట్టుకుని, "ఏమే పిల్లా, గాలి మీ ఇంటిదే గానీ మీ అమ్మ పులుసు వాసన రాదేటి?" అన్నాడు.

మూడోసారి వదిన గవర్రాజు గారి గుమ్మం తొక్కలేదు. అర్జీ పట్టుకుని కరెంటు ఆఫీసుకే వెళ్లింది. "నాన్నని చూస్తూండవే," అని నాకు అప్పజెప్పి వెళ్లింది.

మిట్టమధ్యాహ్నం, ఇంట్లో నేనొక్కదాన్నే ఉండగా, గవర్రాజు గారు మా సందులోకి వచ్చాడు. "ఆ ఇంటికి తీగ ఇచ్చినవాళ్ల ఫ్యూజు కూడా మేకుకే!" అని కేకలేస్తూ వచ్చాడు. అది విని నేను మా బోర్డులోంచి వాళ్ల తీగ ప్లగ్గు పీకేశాను. ఆయన సందు దాటగానే మళ్లీ పెట్టేద్దామనుకున్నాను.

ఆయన దాటలేదు. మా గుమ్మంలో కుర్చీ వేయించుకుని మజ్జిగ అడిగాడు.

మా రెండిళ్ల మధ్య రేకుగోడ అవతల టక్ మంది. నేను మజ్జిగ పోశాను.

మళ్లీ టక్ మంది. "ఏంటే ఆ చప్పుడు?"

"పిల్లి, బాబుగారూ."

"అద్దె నేలలో పిల్లుల్ని కూడా మేపుతున్నారేటి!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడోసారి చప్పుడు మెత్తగా వచ్చింది. నాలుగోసారి రాలేదు.

ఆయన వెళ్లగానే ప్లగ్గు పెట్టాను. మిషను ఆడింది. తాతకు ఊపిరి ఆడలేదు.

వదిన వచ్చి, తండ్రిని చూసి, మిషను మధ్యలో ఆగిందని మాత్రమే నేను చెబితే, నేరుగా నిచ్చెనెక్కి ఆ అతుకు పట్టుకుంది. "నా ముడే వదులైందర్రా. నా నాన్నని నేనే చంపుకున్నాను," అని ఏడ్చింది. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

అర్జీ వెనక్కి తీసుకోబోతే ఆఫీసాయన, "మీ నాన్న పోయిన రోజు ఏం జరిగిందో చూసినవాళ్లు ఒక్కరు వచ్చి చెప్పినా చాలమ్మా, విచారణ జరుగుతుంది," అన్నాడు. "చూసినవాళ్లెవరూ లేరు బాబూ," అంది వదిన. ఆమె పక్కన నిలబడి ఉన్నది నేనే.

ఇప్పుడు ఆమె మేనత్త ఊళ్లో ఉంటోంది. మూట కట్టినా, మేకను కట్టినా, ముడి మూడుసార్లు లాగి చూసుకుంటుందట. ఇక్కడ మేకుకు మూడు ఫ్యూజులు వేలాడుతున్నాయి. మెరక మీద ఎవరూ ఎవరికీ తీగ ఇవ్వరు. మా ఇంట్లో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

చెబితే మా ఫ్యూజూ మేకుకెక్కుతుంది. వదిన నన్ను క్షమించదు. తాత తిరిగి రాడు. అయినా ఆ ముడి జారలేదని ఆమెకు తెలియాలి. తెలిశాక, ఆమె రమ్మంటే, ఆ ఆఫీసుకు నేనే వెళ్లి చెబుతాను. ఆమె నంబరు నా దగ్గరే ఉంది. ఇప్పుడే వదినకు ఫోను చేస్తాను.

నీతి ఏమిటంటే పిల్లలూ, మన దీపం ఆరిపోతుందన్న భయంతో నోరు మూసుకుంటే, పక్కింటి దీపం ఆర్పిన చేతుల్లో మన చెయ్యీ ఒకటి.