పక్కవాళ్ళు చెప్పే నొప్పి

కుర్చీలు రెండు. వరండాలో కూర్చున్నవాళ్ళు నలభై మంది. ఒక పన్ను పీకడానికి అరగంట, పళ్ళు శుభ్రం చెయ్యడానికి పది నిమిషాలు. కూర్మనాథ్ దగ్గర మొదట ఉన్న లెక్క ఇంతే. ఈ లెక్క పట్టుకునే అతడు పరాంకుశం మాస్టారిని ఆ ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, ఇంతమందిలో ముందు ఎవర్ని చూడాలో ఎవరు తేల్చాలి?"

"ఇప్పుడు వాళ్ళే తేల్చుకుంటున్నారుగా," అన్నారు మాస్టారు, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ.

"అదీ ఒక పద్ధతేనా అని అడుగుతున్నాను."

మాస్టారు దంతవైద్య కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పినవారు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఇద్దరు పాత విద్యార్థుల్ని వెంటబెట్టుకుని, తన వ్యాను తనే నడుపుకుంటూ, సముద్రపు ఒడ్డున ఒక చేపలరేవుకు వచ్చేవారు. అక్కడి తుఫాను షెల్టర్ మేడమీద ఉచితంగా పళ్ళవైద్యం చేసేవారు. తుఫాను లేని రోజుల్లో ఆ భవనం ఖాళీయే కాబట్టి ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. కూర్మనాథ్ డాక్టరు కాదు. గణాంకశాస్త్రంలో డిగ్రీ చేసి, ఎవరూ పిలవకుండానే ఒక ఆదివారం వచ్చి, నీళ్ళ డ్రమ్ము ఎత్తించడం దగ్గర మొదలుపెట్టి, నెల తిరక్కుండా వైద్యం కాని పనులన్నీ తన మీద వేసుకున్నవాడు.

ఆ వరండాలో మాస్టారు పెట్టిన నియమం ఒకటుంది. ఎవరి నొప్పి వాళ్ళు చెప్పుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పాలి. వచ్చినవాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చునేవారు. మాస్టారు గుమ్మంలో నిలబడి, "ఎవరిది ఆగదు?" అని అడిగేవారు. ఆ తరువాత జరిగేది రేవులో చేపల వేలంపాటకి ఏమీ తీసిపోదు.

"ఈ నూకాలికి పన్ను నొప్పొచ్చిందంటే మా ఈదికంతా నిద్దర నేదు మాస్టారూ," అని ఒక ఆదివారం అసిరమ్మ లేచింది. "ముందు దీన్ని సూసీయండి. మేం పడుకోవాల."

"ఓలమ్మో! నీ గురక కంటేనేటి, నా మూలుగు?" అంది నూకాలు, చెంప పట్టుకునే.

అందరూ నవ్వారు. నూకాలు లోపలికి వెళ్ళింది. ఆ ఇద్దరూ గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళవాళ్ళు, పొద్దున్నే చేపల గంపలెత్తుకుని కలిసి ఊళ్ళు తిరిగేవాళ్ళు, కలిసి తిట్టుకునేవాళ్ళు.

కూర్మనాథ్‌కి ఆ నవ్వులో కలవబుద్ధి కాలేదు. ఈ తగువులు తెగడానికే బోలెడు సమయం పోతోంది. అది సర్దుకోవచ్చు. అతడి కడుపు మండించింది ఎర్రయ్య సంగతి. ఎర్రయ్య ఏదో తెగిన వల విషయంలో ఊరందరితో పోట్లాడి మాటలు లేకుండా చేసుకున్నవాడు. స్తంభం పక్కన ఒక్కడే కూర్చునేవాడు. అతడి పక్కన ఎవరూ కూర్చోరు కనక అతడి నొప్పి చెప్పేవాళ్ళు లేరు. ప్రతివారం అందరూ అయ్యాక చివర మిగిలేవాడు. ఒక ఆదివారం మందు సీసాలు సర్దేశాక, డాక్టర్లు చేతులు కడుక్కుంటుండగా, అతడు లేచి ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోవడం కూర్మనాథ్ చూశాడు.

"చెప్పుకోవడానికి మనిషి లేనివాడి గతేమిటి మాస్టారూ?" అన్నాడు ఆ సాయంత్రం. "మీ పద్ధతిలో చుట్టాలున్నవాడికే వైద్యం."

ఆ మాటకి పక్కనున్న డాక్టర్లిద్దరూ తలలు తిప్పారు. మాస్టారు మాత్రం, "అవును," అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని కూర్మనాథ్ అనుకోలేదు. దాంతో గబగబా చెప్పుకుపోయాడు. పెద్ద పని ముందు పెట్టుకుంటే దాని వెనక ఉన్న నలుగురూ అరగంట చొప్పున ఆగాలి. చిన్న పనులు ముందు కానిచ్చేస్తే ఆ పెద్ద పని ఉన్నవాళ్ళు ఒక్కరే ఆగుతారు. మొత్తమ్మీద నిరీక్షణ సగానికి సగం పడిపోతుంది. ఎవరి పని ఏమిటో వాళ్ళే చెప్పాలి. సిఫార్సు లేదు, అరుపులు లేవు.

మాస్టారు చివరిదాకా విన్నారు. లెక్కని వేళ్ళమీద తనూ ఒకసారి వేసుకున్నారు. "లెక్క సరిగ్గానే ఉంది. వచ్చే ఆదివారం నువ్వే తేల్చు," అన్నారు.

ఆ మరుసటి ఆదివారం కూర్మనాథ్ అందరికంటే ముందు వచ్చి వరండాలో సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. ఒక వైపు చిన్న పని, ఒక వైపు పెద్ద పని. గుమ్మంలో తనే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పాడు. "ఎవరిది వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళ మాట వినబడకూడదు."

వరండా నిశ్శబ్దమైపోయింది. ఎప్పుడూ అరుచుకునే మనుషులు బడిపిల్లల్లా గీత వెంబడి కూర్చున్నారు. పని చకచకా సాగింది. ఎర్రయ్యది చిన్న పుచ్చు. మొదటి నలుగురిలోనే లోపలికి వెళ్ళి, నింపించుకుని, బయటికొచ్చి కూర్మనాథ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ ఊళ్ళో నన్ను మడిసిలెక్కన సూసినోడివి నువ్వే బాబూ," అన్నాడు.

కూర్మనాథ్ తరవాతివాళ్ళని పిలిచాడు. ఆ మాట ఒక్కటి చాలుననుకున్నాడు.

అసిరమ్మ వచ్చినప్పుడు చిన్న పని గీత మీదే కూర్చుంది. చెంప మీదుగా కొంగు కప్పుకుని ఉంది. ఆమె వంతు వచ్చింది.

"ఏం పనమ్మా?"

"కడిగించుకోడం బాబూ." మాట పళ్ళు విడకుండా వచ్చింది.

ఆమె లేవబోయేసరికి సముద్రపు గాలికి కొంగు పక్కకి తప్పుకుంది. కుడి దవడ కింద పిడికిలంత వాపు. కూర్మనాథ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది కడిగే పని కాదమ్మా, పెద్ద పని. అటు వరసలో కూర్చోండి."

అసిరమ్మ అటు చూసింది. ఆ గీత వరండా మలుపు దాటిపోయింది. "బేగి సూపించీయండి బాబూ. పడవలొచ్చీసినాయి. గంప ఎత్తకపోతే ఇయ్యాల బేరం నేదు."

"మీ ఒక్కరికీ తప్పిస్తే అందరికీ తప్పించాలి. చిన్న పనని అబద్ధం చెప్పారు కదమ్మా మరి." అతడు కసురుకోలేదు. నెమ్మదిగానే, అందరితో అన్నట్టే అన్నాడు.

ఆమె అతడి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కొంగు మళ్ళీ సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక వరసలో ఉన్న నూకాలు ఏదో అనబోయి, కూర్మనాథ్ వైపు చూసి, నోరు మూసుకుంది.

ఆ రోజు పని ఎన్నడూ లేనంత పెందలాడే అయిపోయింది. ఒక్కరు కూడా మిగల్లేదు. కూర్మనాథ్ కూడిక వేసుకుని చూస్తే నిరీక్షణ అతడు చెప్పినదానికంటే ఇంకాస్త తగ్గింది. ఆ మాట చెబుదామని వెళితే మాస్టారు చేతులు తుడుచుకుంటూ, "అసిరమ్మ రాలేదా ఇవాళ?" అన్నారు.

"వచ్చింది మాస్టారూ. వరస మారమంటే వెళ్ళిపోయింది."

"ఎందుకు మారమన్నావు?"

"వాపుంది. పీకాల్సి ఉంటుందేమో, పెద్ద పని అని..."

మాస్టారి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఆయన ఏదో అడగబోతుంటే, మెట్ల మీద నూకాలు రొప్పుకుంటూ కనిపించింది. "అసిరి ఏలంపాట కాడ కూలబడిపోనాది మాస్టారూ. ఒళ్ళు కాలిపోతంది. నోట్లోకి నీళ్ళు పొయ్యబోతే పళ్ళు విడవట్నేదు."

మాస్టారు సంచీ అందుకుని దిగారు. వెనకే దిగుతూ కూర్మనాథ్ నూకాలిని అడిగాడు. "ఆవిడకి ఇంతగా ఉందని మీకు ముందే తెలుసా?"

"తెలీకేటి? గోడవతల మూలుగు నాకినిపించదా? నాలుగు రేత్రిళ్ళయి."

"మరి గుమ్మం దగ్గర నాతో ఎందుకు చెప్పలేదు?"

నూకాలు అతణ్ణి వింతగా చూసింది. "ఎవులిది ఆలే సెప్పమన్నావు గదా బాబూ. నానేటి సేసీది?"

అసిరమ్మ ఒక పడవ నీడన కూర్చోబెట్టి ఉంది. మాస్టారు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఆమె దవడ కింద వేళ్ళతో తడిమారు. రెండో వైపు కూడా తడిమారు. ఆయన ముఖం గట్టిపడింది. "ఇది ఇక్కడ తీసే పన్ను కాదు. చీము గొంతువైపు దిగుతోంది. పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్ళాలి," అని డాక్టర్లిద్దరిలో ఒకర్ని ఆసుపత్రికి ఫోను చెయ్యమన్నారు.

అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. గంప వైపు చెయ్యి చూపించింది.

"నీ గంప నానమ్ముతానే," అంది నూకాలు. "రెండు గంపలూ నెత్తిన పెట్టుకుని సావనా? ఎల్లు. ఎల్లి బతుకు ముందు." తిడుతూనే ఆమెని పొదివి పట్టుకుని నడిపించుకెళ్ళి వ్యాను వెనక సీట్లో కూర్చోబెట్టింది. తలుపు వేసి, కూర్మనాథ్ వైపు తిరిగింది. "ఎవులడిగినా బాగుందంటాది ఇది. నమ్మీకండి."

గంపలెత్తుకుని ఆమె వెళ్ళిపోయింది. మాస్టారు వ్యాను ముందు అద్దం మీద పట్టిన ఇసుక తుడుస్తున్నారు. కూర్మనాథ్ తనలో తాను లెక్కంతా మొదట్నుంచీ మళ్ళీ వేసుకున్నాడు. ఎక్కడో తప్పు దొర్లి ఉండాలి. అది దొరికితే దిద్దుకోవచ్చు. రెండుసార్లు వేశాడు. తప్పు లేదు. అందుకే అతడికి భయం వేసింది.

"మాస్టారూ, అయితే మీ పాత పద్ధతే మంచిదా?"

"ఎర్రయ్యని అడుగు," అన్నారు మాస్టారు.

"మరి... నేను పెట్టింది?"

మాస్టారు వ్యాను వెనక సీటు వైపు చూశారు.

"వచ్చే ఆదివారం గుమ్మంలో నేనేం చెయ్యాలి? అది చెప్పండి. నాకేం తోచడం లేదు."

"నాకూ తోచడం లేదు," అన్నారు మాస్టారు. "ఇవాళ నిన్ను తేల్చమన్నది నేను. లోపల కుర్చీ దగ్గర ఉండిపోయి, ఒక్కసారైనా బయటికి తొంగి చూడనిది కూడా నేనే." ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. "ఎక్కు. అక్కడి డాక్టరు ఎప్పటినుంచి, ఎటువైపు, ఏం తింది, జ్వరం ఎప్పుడొచ్చింది అని అడుగుతాడు. ఆవిడ చెప్పే స్థితిలో లేదు. నేను బండి నడపాలి."

కూర్మనాథ్ ముందు సీటు వైపు రెండడుగులు వేసి ఆగాడు. నాలుగు రాత్రులు అన్న మాట తప్ప అసిరమ్మ గురించి తనకి తెలిసిందేమీ లేదు. ఆ మాటైనా నూకాలు చెప్పిందే. పొద్దున్న ఆమె తన ఎదుట నిలబడినప్పుడు తను చూసింది ఆమె ఏ గీత మీద ఉందన్నది ఒక్కటే. అతడు వెనక్కి తిరిగి, వెనక తలుపు దగ్గరకి వచ్చాడు. కిటికీలోంచి చూస్తే అసిరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చెంప మీదుగా కొంగు మళ్ళీ కప్పేసుకుంది. ఇంజను మోతకి ఆ కొంగు అంచు సన్నగా వణుకుతోంది.

తలుపు పిడి మీద చెయ్యి వేసి, తియ్యకుండా, అతడు మెల్లగా అడిగాడు.

"మాస్టారూ, ఆవిడ నాతో అలా అబద్ధం ఎందుకు చెప్పిందంటారు?"

మాస్టారు గేరు మీద చెయ్యి వేశారు.

"అది ఇప్పుడు అడక్కు. ఆవిడకి నోరు తెరిస్తే నొప్పి."