అంబారీ మీద ఓడ వంటవాడు

ఎండ ఎక్కువ, వాన తక్కువగా ఉండే సీమలో ఒకప్పుడు కొండమేడు అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీర భూపతికి రాజ్యం చిన్నదే గాని బిరుదులు పదకొండు. ఆయన్ని పలకరించాలంటే ఆ పదకొండూ వరసగా చదివి, ఊపిరి తీసుకుని, అప్పుడు అసలు సంగతి విన్నవించుకోవాలి. ఇంటికి నిప్పంటుకుందని మొరపెట్టుకోను వచ్చినవాడు ఏడో బిరుదు దగ్గర ఉండగానే ఇల్లు బూడిదైపోయిందని ఊళ్లో చెప్పుకునేవారు.

ఆయన ఆస్థానంలో రాయసం చెన్నప్ప అని ఒకాయన ఉండేవాడు. రాజుగారి ఉత్తరాలూ ఆజ్ఞలూ తాటాకుల మీద రాయడం ఆయన కొలువు. మనిషి బక్కపలచన, మాట మెత్తన. ఇరవై ఏళ్లుగా రాజుగారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాడు గనుక, రాజుగారికి ఆయనంటే ఏ అనుమానమూ లేదు. అదే ఆయన బలం.

మూడేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. ఎనిమిది కోసుల దూరాన ఉన్న నది నుంచి కాలువ తవ్విస్తే తప్ప రాజ్యం బతకదని తేలింది. బొక్కసం చూస్తే ఖాళీ. అప్పుడు సముద్రం అవతలి రత్నద్వీపం రాజు లక్ష వరహాలు అప్పిస్తానని కబురంపాడు.

రణధీర భూపతి సంబరపడిపోయి చెన్నప్పను పిలిచాడు. "రాయవయ్యా. మా రాజ్యంలో పని లేని చెయ్యి ఇక ఉండదు. మట్టిపని చేసేవాళ్లందరినీ వెంటనే రమ్మని రాయి."

చెన్నప్ప రాశాడు. ఆ ఉత్తరాన్ని నమ్మి మేస్త్రి ఓబన్న మూడు వందల ఒడ్డెర కుటుంబాలను వెంటబెట్టుకుని, పారలూ గాడిదలూ పిల్లాజెల్లాతో వచ్చి, కాలువ తవ్వబోయే చోట గుడిసెలు వేసుకున్నాడు. పొరుగు రాజ్యంలో కోటగోడ పని దొరికితే, దాన్ని కూడా వదులుకుని వచ్చారు.

వాళ్లు వచ్చిన మూడు వారాలకు రత్నద్వీపం ఓడ రేవులో దిగింది. నలభై మంది పరివారంతో రాయబారి మణిభద్రుడు వచ్చాడు. ఒప్పందం రాసిన ఆకులు పట్టుపెట్టెలో తెచ్చాడు. అందులో వడ్డీ సంగతి సబబుగానే ఉంది. దాని కింద ఒక షరతు ఉంది. ఈ డబ్బుతో జరిగే ఏ పనికైనా రత్నద్వీపం మనుషులనే పెట్టాలి. తవ్వేది వాళ్ల మనుషులు, పారలు వాళ్లవి, ఆ మనుషులు తినే బియ్యం కూడా వాళ్ల ఓడల్లోనే వస్తుంది. ఆ కూలీలు రెండో ఓడలో బయల్దేరి వస్తున్నారట.

చెన్నప్ప లెక్క వేసి చూశాడు. అంటే లక్ష వరహాలూ ఏ ఓడలో వచ్చాయో ఆ ఓడలోనే కూలి రూపంలో తిరిగి వెళ్లిపోతాయి. కొండమేడుకు మిగిలేది అప్పు.

"ప్రభూ," అన్నాడు, పదకొండు బిరుదులూ చదివాక. "మనవాళ్లకు పని ఇస్తామని పిలిపించాం. ఈ షరతు ప్రకారం ఒక్కడికీ పని దొరకదు."

రాజుగారికి చిరాకు వచ్చింది. ముద్ర వేసిన రోజున తమ రాజు తరఫున 'సకలజన జీవనదాత' అనే పన్నెండో బిరుదు ఇస్తామని మణిభద్రుడు అప్పటికే చెవిన వేసి ఉన్నాడు.

"పని జరుగుతుందా, లేదా?" అన్నాడు రాజు.

"జరుగుతుంది."

"జరిగితే చాలు గదయ్యా. ఎవరు చేస్తే ఏమిటి? అన్నీ వంకలే నీకు."

చెన్నప్ప ఆ సాయంత్రం కాలువ దగ్గరికి వెళ్లాడు. ఓబన్న వాళ్లు వచ్చి అప్పటికి నెల కావస్తోంది. పొయ్యిలు సగం వెలగడం లేదు. ఓబన్న గాడిదకు ఎండుగడ్డి వేస్తూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"సామీ, నువ్వు రాసిన ఆకు నాకు సదవను రాదు. కరణం సదివి సెప్పినాడు, పని ఉండాదని. ఉండాదా, ల్యాదా? ల్యాకుంటే ల్యాదని సెప్పు. గాడిదలకి నడిసే సత్తువ ఉండంగానే యాడికన్నా పోతాము."

చెన్నప్పకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఆకు మీద రాజుగారి ముద్ర ఉంది, నిజమే. రాసిన చెయ్యి మాత్రం తనది.

"మూడు రోజులు ఓర్చుకో, మేస్త్రీ," అన్నాడు. ఏ ధైర్యంతో అన్నాడో ఆయనకే తెలియదు.

మర్నాడు రాజుగారు మళ్లీ పిలిచాడు. ముద్ర వేసే రోజు కోట నుంచి కాలువ దాకా ఏనుగు అంబారీ మీద ఊరేగాలని ఆయన కోరిక. వింజామరలు, ఛత్రం, భేరీలు, బిరుదులు చదివేవాళ్లు అన్నీ ఘనంగా ఉండాలి. మూడు వేల వరహాలు ఖర్చు తేలింది.

"బొక్కసంలో మూడు వందలు కూడా లేవు ప్రభూ."

"అప్పు వస్తోంది గదా. కాలువ ఖర్చులో ఇది కూడా రాసెయ్యి."

చెన్నప్ప గంటం ఆగిపోయింది. ఒక్క క్షణం తలెత్తి రాజు మొహంలోకి చూశాడు. "అప్పు ఖాతాలోనే రాయమంటారా?"

"చెవుడా నీకు?"

చెన్నప్ప వినయంగా తలవంచి, అప్పు ఖాతాలోనే రాశాడు. రాజుగారు ఉంగరం ఒత్తి ముద్ర వేశాడు. నెల రోజుల్లో మొదటిసారి ఆ రాత్రి చెన్నప్ప కడుపునిండా తిన్నాడు.

తెల్లవారి మణిభద్రుడి విడిదికి వెళ్లి అడిగాడు. "అయ్యా, తమ షరతుకు మినహాయింపులేమైనా ఉన్నాయా? ఈ డబ్బుతో జరిగే ఏ చిన్న పనికైనా మీ మనుషులేనా?"

"ఏ పనికైనా," అన్నాడు మణిభద్రుడు మీసం దువ్వుకుంటూ. "ఒక్క మనిషి మారినా ఒప్పందం చెల్లదు."

"అయితే ఊరేగింపు ఖర్చు కూడా ఈ డబ్బులోనే రాయించారు మా ప్రభువులు. రేపు పొద్దున్నే మీ నలభై మందినీ కోటకు పంపండి. ఎవరు ఎక్కడ ఉండాలో నేను చూసుకుంటాను."

తన షరతును ఇంత శ్రద్ధగా పాటించే మనిషి ఒకడు దొరికినందుకు మణిభద్రుడు ముచ్చటపడి, చెన్నప్పకు ఒక పట్టు ఉత్తరీయం కూడా కప్పాడు.

ముద్ర రోజు వచ్చింది. రణధీర భూపతి జరీ అంగీ తొడుక్కుని, మెడ వంగిపోయేటన్ని హారాలు వేసుకుని కోట గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చూస్తే కళ్లు తిరిగాయి.

భేరీని ఇద్దరు తెడ్డుగాళ్లు తలకిందులుగా పట్టుకుని ఉన్నారు. వింజామరలతో ఒకడు ఈగలు తోలుకుంటున్నాడు. బిరుదులు చదవాల్సిన చోట నిలబడ్డవాడు తెడ్లు వేసేటప్పుడు అరిచే కేకలు గొంతు చించుకుని అరుస్తున్నాడు. రాజుగారి మావటీ, బోయీలూ, భేరీవాళ్లూ అందరూ గోడ వారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏనుగు మీద, బంగారు అంబారీలో, రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఒక లావుపాటి మనిషి కూర్చున్నాడు.

"ఎవడు వాడు?" అన్నాడు రాజు.

"ఓడలో వంటవాడు, ప్రభూ. పేరు చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు," అన్నాడు చెన్నప్ప.

"నా అంబారీ మీద వాడేం చేస్తున్నాడు?"

"ఊరేగుతున్నాడు. ఊరేగింపు ఖర్చు అప్పు ఖాతాలో రాయమని ఏలినవారి ఆజ్ఞ. ఆ డబ్బుతో జరిగే ఏ పనైనా రత్నద్వీపం మనుషులే చేయాలని షరతు. మినహాయింపు లేదని రాయబారిగారు స్వయంగా చెప్పారు."

"మరి నేను?"

"ఏలినవారు చూడవచ్చు. చూడడానికి ఖర్చేమీ రాయలేదు, కనుక దానికి ఆంక్ష లేదు."

రాజు మొహం కందగడ్డలా అయింది. "ఊరేగేది నేనయ్యా. అది నా పని."

"పని జరుగుతోంది గదా ప్రభూ," అన్నాడు చెన్నప్ప మెత్తగా. "జరిగితే చాలు, ఎవరు చేస్తే ఏమిటని ఏలినవారే సెలవిచ్చారు."

గోడ వారన ఉన్న బోయీల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. రాజు చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్లింది. చెన్నప్ప కదల్లేదు.

"ప్రభూ, తమరు ఈ గుమ్మంలో నిలబడి అరఘడియ కాలేదు. తమ పని ఇంకొకడు చేస్తుంటే తమకు ఇంత కష్టంగా ఉంది. ఓబన్న వాళ్లు తమ మాట నమ్మి వచ్చి, చేతిలో పార పెట్టుకుని, నెల రోజులుగా కాలువ గట్టున ఇలాగే నిలబడి ఉన్నారు. వాళ్లకు ఆకలి కూడా ఉంది."

రాజు అంబారీ వైపు చూశాడు, గోడ వారన ఉన్న తన మనుషుల వైపు చూశాడు. తర్వాత చెయ్యి కత్తి మీద నుంచి తీసేశాడు.

"రాయబారీ," అన్నాడు, పట్టుపెట్టెతో పక్కనే నిలబడి ఉన్న మణిభద్రుడితో, "ఆ షరతు ఉంటే నేను ముద్ర వేయను."

మణిభద్రుడు ఆకులు పెట్టెలో పెట్టి మూత వేశాడు. "అయితే అప్పు లేదు."

చెన్నప్ప పై ప్రాణం పైనే పోయింది. అప్పు లేకపోతే కాలువ లేదు. కాలువ లేకపోతే ఓబన్నకు ఆ పనీ లేదు, ఎవరికీ నీళ్లూ లేవు. ఇంతదాకా వచ్చింది ఇందుకా అనుకుని, రాయబారి ముందుకు వచ్చాడు.

"వెళ్లేముందు ఒక్క మాట చెప్పండయ్యా. ఈ అప్పు తీర్చేది ఎవరు?"

"మీ రాజు."

"ఆయన ఎక్కడ నుంచి తెస్తారు?"

"పన్నుల్లోంచి."

"ఆ పన్ను కట్టేదెవరు? కూలి చేతికొచ్చినవాడు సంతలో గింజలు కొంటాడు, గుడ్డ కొంటాడు. కోమటి దుకాణం నడుస్తుంది, సాలె మగ్గం ఆడుతుంది. కాలువ పారాక రైతు పంట తీస్తాడు. వాళ్లందరూ కడితే మీ వడ్డీ మీకు చేరుతుంది. కూలి మీ ఓడెక్కి వెళ్లిపోతే, కాలువ పూర్తయ్యే లోపలే మావాళ్లు మూటాముల్లె సర్దుకుని ఎల్లలు దాటిపోతారు. కాలువలో నీళ్లుంటాయి, కిందనున్న పొలాల్లో మనుషులుండరు. మీరు ఎవరి దగ్గర వసూలు చేసుకుంటారో కాస్త చెప్పండి."

మణిభద్రుడు రాయబారి కాకముందు వర్తకుడు. పెట్టె మీద వేళ్లతో కొట్టుకుంటూ కాసేపు లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క తేలడం ఆయన మొహంలోనే కనబడింది.

"నీటి వాలు చూసి దారి గీసే నేర్పరులు మావాళ్లు ఆరుగురుంటారు," అన్నాడు చివరికి. "వాళ్లను ఉంచుకోండి, మీవాళ్లకు నేర్పుతారు. తవ్వేదీ మోసేదీ మీవాళ్లే కానివ్వండి. రెండో ఓడను వెనక్కి పంపేస్తాను." గంటం తీసుకుని షరతు కొట్టేసి, ఆరుగురి మాట రాశాడు. "ఇక ఆ వంటవాణ్ణి దింపించండి. మాకు మధ్యాహ్నం భోజనం కావాలి."

మావటి వెళ్లి ఏనుగును మోకరింపజేశాడు. కిందికి దిగిన వంటవాడు నేలను రెండు చేతులతో తడిమి చూసుకుని, ఎదురుగా ఎవరున్నారో కూడా చూడకుండా రాజుగారినే గట్టిగా కావలించుకుని బావురుమన్నాడు. రణధీర భూపతి మొదట బిగుసుకుపోయాడు. తర్వాత ఆయన పొట్ట కదిలింది, హారాలు గలగలలాడాయి, పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వడం చూసి కోటంతా నవ్వింది.

ఆ రోజు ఊరేగింపు జరగలేదు. రాజుగారు కాలువ దాకా నడిచే వెళ్లి, అక్కడే ముద్ర వేశాడు. ఓబన్నకు పదకొండు బిరుదుల్లో ఒక్కటీ రాదు.

"అయ్యా, మొదుటి పార యాడ ఏసేది, సూపియ్యి," అన్నాడు.

రాజు బిరుదుల సంగతే మరిచిపోయి, వేలుపెట్టి చూపించాడు. మూడు వందల పారలు ఒక్కసారి నేలలో దిగిన చప్పుడు విని చెన్నప్ప అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు. నెల రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, కళ్ల వెంట నీళ్లు వాటంతటవే కారాయి.

రాజు దగ్గరికి వచ్చి తన చేతి బంగారు కడియం తీసి ఆయన చేతికి తొడిగాడు. చెన్నప్ప కళ్లు తుడుచుకుని, చంకలోని ఆకులు విప్పి, గంటం పట్టుకున్నాడు.

"ఇది ఏ ఖాతాలో రాయమంటారు ప్రభూ?"

"నా సొంత ఖాతాలో రాయవయ్యా," అన్నాడు రాజు నవ్వుతూ. "లేకపోతే రేపు పొద్దున్నే ఆ వంటవాడు వచ్చి తొడుక్కుంటాడు."